కోల్డ్ రూములో తంపర

కొత్తగండి తంపరని యూనివర్సిటీ వాళ్లు తెచ్చి జంతుశాస్త్ర విభాగం మూడో అంతస్తులో, లిఫ్టు పక్కనున్న కోల్డ్ రూములో పెట్టారు. పైడితల్లి పీహెచ్‌డీలో చేరిన రోజు ఉదయం కాత్యాయని మేడం ఆ గది తాళం తీసి, బరువైన తలుపు లోపలికి నెట్టి, చూడండి అన్నట్టు పక్కకి జరిగి నిలబడుతుంది.

పైడితల్లి చూస్తుంది. గట్టు, గట్టు మీద మొగలి పొదలు, అవతలి ఒడ్డున సరుగుడు తోట, మధ్యలో నీళ్లు. వానాకాలంలో ఏరూ, పోటు మీద సముద్రమూ వచ్చి కలిసే పల్లపు నీళ్లని వాళ్ల వైపు తంపర అంటారు. ఈ తంపర ఒడ్డునే ఆమె పుట్టి పెరిగింది. ఏమీ తగ్గలేదు, అంతా అలాగే ఉంది. కాకపోతే ఆకాశానికి ట్యూబులైట్లు బిగించి ఉన్నాయి.

“అక్కడే వదిలేస్తే పాడైపోతుందని తెచ్చేశాం,” అంటుంది మేడం. “నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం. మీది ఆ ప్రాంతమే కాబట్టి టాపిక్ మీకిచ్చాను.”

“థాంక్యూ మేడం,” అంటుంది పైడితల్లి. ఆ మాట మనసులోంచే వస్తుంది. ఇంత పెద్ద సంస్థలో సీటు రావడమే ఎక్కువ అనుకుంది. అలాంటిది, తను పుట్టిన నీళ్లే తన చదువు కావడం ఎంతమందికి జరుగుతుంది.

దూరంగా నీళ్ల మీద ఒక దోనె కదులుతోంది. దోనెలో నిలబడి వల విసురుతున్నది ఆమె మేనత్త అప్పలనరసమ్మ. తల్లి పోయాక పైడితల్లిని పెంచింది ఆవిడే. చేపల గంప నెత్తిన పెట్టుకుని డిగ్రీ కాలేజీ గేటు దాకా వచ్చి, వాచ్‌మన్‌తో తగువాడి, మేనకోడల్ని చూసి వెళ్లే మనిషి.

పైడితల్లి చెయ్యి ఎత్తుతుంది. అదే సమయానికి మేడం కూలింగ్ యంత్రం గురించి చెప్పడం మొదలుపెడుతుంది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక పైడితల్లి దానితో జుట్టు సవరించుకుంటుంది.

సోమవారాలు ల్యాబు మీటింగు. అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి పని వాళ్లు ఇంగ్లీషులో చెబుతారు. పైడితల్లి లేచి మాట్లాడడం మొదలుపెట్టగానే కుర్చీలు నెమ్మదిగా కిటికీ వైపు తిరుగుతాయి. మనుషులు మర్యాదస్తులు, ఒక్కరూ కదలరు. కుర్చీలే తిరుగుతాయి. ఆమె రెండో వాక్యంలోకి వచ్చేసరికి ఎదురుగా వీపులు తప్ప ఏమీ ఉండవు. మిగతాది ఆ వీపులకే చెప్పి కూర్చుంటుంది. ఆమె కూర్చున్నాక కుర్చీలు మళ్లీ ఎప్పటిలా సర్దుకుంటాయి.

“మొదట్ల అంతే చెల్లె,” అంటాడు ఉదయ్ చందర్. ల్యాబులో అందరికన్నా సీనియరు అతను. సిద్దిపేట వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లయింది, థీసిస్ ఇంకా అవలేదు. “కుర్చీల దిక్కు చూడకు. గోడకు గడియారం ఉంటది, దాన్ని చూసుకుంట మాట్లాడు. మంచిగుంటది.”

తరవాతి సోమవారం ఆమె గడియారం వైపు చూసి మాట్లాడుతుంది. గడియారం తిరగదు. ఆమె మాట్లాడినంతసేపూ ఆగిపోతుంది, అంతే. మీటింగయ్యాక అందరూ చేతి వాచీలు చూసుకుని, ఆలస్యమైందని ఆమెని ఏమీ అనకుండా వెళ్లిపోతారు.

రోజూ ఉదయం ఆమె గట్టు దిగి నీళ్లు తీసుకోవాలి, చేపల్ని పట్టి కొలవాలి, వదిలెయ్యాలి. ఒకనాడు మేడం కూడా వస్తుంది. పైడితల్లి వలలోంచి వెండిరంగు చేపని తీసి, “ఇది కొయ్యింగ మేడం, పోటు మీద లోపలికొస్తుంది,” అంటుంది.

మేడం చిన్నగా నవ్వుతుంది. “అలా కాదు. దాని పేరు చెప్పండి.”

“ముగిల్ సెఫాలస్.”

“ఊఁ. ఇప్పుడు బాగుంది.”

ఆ లాటిన్ పేరు పలికిన మరుక్షణం పైడితల్లికి నాలుక మీద ఏదో కదిలినట్టవుతుంది. దగ్గొస్తుంది. అరచేతిలోకి దగ్గుతుంది. వేలెడంత చేప, తడిగా, వెండిరంగులో, అరచేతిలో పడి తోక కొట్టుకుంటుంది. ఆమె దాన్ని చూస్తుంది. దాన్ని చిన్నప్పటినుంచీ ఏమంటుందో గుర్తుచేసుకోబోతే, ఆ చోట నోట్లో ఖాళీగా, పన్ను ఊడిన చిగురులా మెత్తగా ఉంటుంది.

ఉదయ్ చందర్ ఫార్మలిన్ పోసిన సీసా తెస్తాడు. “ఏం కాదు, అందరికైతది. దీంట్ల వెయ్యి.”

ఆమె వేస్తుంది. చేప కాసేపు తిరిగి, తిన్నగా నిలబడిపోతుంది. అతను సీసాకి మూత బిగించి అలమారలో ఆమెకి కేటాయించిన అరలో పెడతాడు. పక్క అర అతనిది. నిండా సీసాలే. ఒకదాంట్లో మిడత, ఒకదాంట్లో ఈకల్లేని పిట్ట, చివర్న ఒక పెద్ద సీసాలో ఏదో నల్లగా, ముడుచుకుని ఉంది.

“అదేంటన్నా?”

“ఏమో,” అంటాడు ఉదయ్ చందర్. “నాకు యాదికుంటే అది సీసాల ఎందుకుంటది?”

కొన్నాళ్లకి ఆమె అర కూడా నిండుతూ వస్తుంది. నోట్లోంచి జెల్ల వెళ్తుంది, పండుగప్ప వెళ్తుంది, బొమ్మిడాయి పాములా మెలికలు తిరుగుతూ చాలాసేపు వెళ్తుంది. చేపలతో ఆగదు. పోటు, పాటు, తూరుపుగాలి, ఒండ్రు అన్నీ వెళ్తాయి. ఒక్కోటి వెళ్లినప్పుడల్లా మీటింగులో ఒక కుర్చీ తిరగడం మానేస్తుంది. పైడితల్లి అది గమనిస్తుంది. సంతోషిస్తుంది కూడా. సంతోషించినందుకు హాస్టల్ గదికి వెళ్లి, ఎందుకో తెలియకుండానే రెండు పూటలు అన్నం మానేస్తుంది.

అప్పలనరసమ్మ దోనె గట్టుకి చేరుస్తుంది ఒక ఉదయం. చీర మీద చీర కట్టుకుని, వాటి మీద గోనెపట్టా కప్పుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“ఓలె పైడీ, ఇదేటే ఈ సలి. ఏళ్లు ఒంగట్నేదు. వల ముడెయ్యనేకపోతన్నాను.”

“చలి ఉండాలత్తా. లేకపోతే సాంపిల్ పాడైపోతుంది.”

“సాంపిలంటే?”

“ఇదే. ఈ నీళ్లన్నీ.”

“నీళ్లు పాడవకూడదు. మనుసులు పాడైపోతే ఫరవానేదా?” అప్పలనరసమ్మ గట్టు మీద కూర్చుని చేతులు చంకల్లో పెట్టుకుంటుంది. “మీ మేడమ్మకి సెప్పు. రవ్వంత ఎచ్చ సెయ్యమను. ఆవిడా ఆడదే కదా.”

“నువ్విక్కడ ఉన్నావని చెప్పకూడదత్తా. సాంపిల్లో బయటివాళ్లు ఉండకూడదు.”

అప్పలనరసమ్మ ఆమె వైపు చూస్తుంది. కోపంగా కాదు, దూరంగా ఉన్నదేదో సరిగ్గా కనబడక చూస్తున్నట్టు. “నాను బయటిదాన్నేటే?”

పైడితల్లి నీళ్ల సీసాలు సర్దుకుని లేస్తుంది. వెనక నుంచి అప్పలనరసమ్మ, నిన్న పెట్టిన పులుసు మిగిలింది, తిని ఎల్లు అంటుంది. పైడితల్లి వాచీ చూసుకుని తలుపు వేసేస్తుంది.

సెలవు దొరికినప్పుడు ఆమె ఊరికి బయల్దేరుతుంది. అత్తకి మందపాటి దుప్పటి తెచ్చిద్దామని, ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందని. బస్సు కొత్తగండి దగ్గరికొచ్చాక కండక్టరు విజిలు వెయ్యడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క పెద్ద గొయ్యి. ఊరంత గొయ్యి. దాని చుట్టూ పసుపు రిబ్బను కట్టి ఉంది.

“నేను దిగాలి,” అంటుంది పైడితల్లి.

“ఇక్కడ స్టాపు తీసేశారమ్మా,” అంటాడు కండక్టరు. “ఇప్పుడది మీ యూనివర్సిటీలోనే ఉందంట కదా. నువ్వు బయల్దేరిన చోటే దిగాల్సింది.”

ఆ మాటలో తప్పేమీ కనబడదు ఆమెకి. తిరుగు బస్సులో కూర్చుని వచ్చేస్తుంది. దారి పొడవునా ఒకటే అనుకుంటుంది. ఇంక వెళ్లడానికి ఆ గది తప్ప ఏదీ లేదు. ఆ గదిలోకి వెళ్లనివ్వాలంటే రీసెర్చి స్కాలరుగా ఉండాలి. వేరే దారి లేదు.

హాస్టల్లో తనకిచ్చిన దుప్పటి తీసుకెళ్లి అత్తకి కప్పుతుంది. అది చాలదు. దుప్పటి తడిసి, బిర్రబిగిసి, అప్పడంలా విరిగిపోతుంది. అప్పుడు పైడితల్లి తలుపు పక్క గోడ దగ్గరికి వెళ్లి కూలింగ్ నాబ్‌ని కొంచెం వేడి వైపుకి తిప్పుతుంది. మర్నాడు ఇంకాస్త తిప్పుతుంది.

తంపర కదులుతుంది. నీళ్ల మీద పొగమంచు విడిపోతుంది. మొగలి పూస్తుంది, ఆ వాసన లిఫ్టులోకీ మెట్ల మీదకీ పాకుతుంది. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి ట్యూబులైట్ల పట్టీల మీద వాలుతాయి. చేపలు గుడ్లు పెడతాయి. అప్పలనరసమ్మ గోనెపట్టా విప్పి దులిపి ఆరేసి, దోనెలో పొయ్యి వెలిగించి, పాట అందుకుంటుంది. కింది అంతస్తులో గుమాస్తాలు తల ఎత్తి చూసి, పైన ఏదో పైపు పగిలిందనుకుని ఫిర్యాదు చేస్తారు.

పైడితల్లి ఆ రోజు గట్టు మీద కూర్చుని పులుసు తింటుంది. చేతికంటిన పులుసు నాకుతూ, చేరినప్పటినుంచీ తను ఇలా కూర్చోలేదని గుర్తుచేసుకుంటుంది. “ఏ సేపో సెప్పు సూద్దాం,” అంటుంది అప్పలనరసమ్మ. పైడితల్లికి లాటిన్ పేరు తెలుసు. అది పైకి అనబుద్ధి కాక, రుచిగా ఉందత్తా అంటుంది.

అయితే గదిలో వేడిని నమోదు చేసే గ్రాఫు ఈ సంగతి దాచలేదు. ఎప్పుడూ తిన్నగా సాగే గీత ఒక్కసారి పైకి లేచి, గుర్రం వీపులా వంగి, కాగితం అంచు దాటి టేబులు మీదకి వచ్చేస్తుంది. మేడం దాన్ని వేలితో తడుముతుంది. వెచ్చగా ఉందేమో, వేలు వెనక్కి తీసుకుంటుంది.

“ఇదేమిటి?”

“చేపలు గుడ్లు పెడుతున్నాయి మేడం. నీళ్లు బతికినట్టుంది.”

“బతికితే మనం దేన్ని కొలుస్తాం?” అంటుంది మేడం. గొంతు మెత్తగానే ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. “రండి, చూద్దాం.”

కోల్డ్ రూము తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. మేడం అందులోంచి చూస్తుంది. పక్కన పైడితల్లి, వెనక ఉదయ్ చందర్. అప్పలనరసమ్మ దోనెలో నిలబడి అద్దం వైపే చూస్తోంది. మేనకోడలు కనబడగానే నవ్వుతుంది.

“ఆవిడెవరు?” అంటుంది మేడం. “మీకు తెలిసినావిడా? తెలిసినావిడైతే చెప్పండి, ఏమీ అనుకోను. సొంతవాళ్లుంటే ఆ సాంపిల్ మీద పని చెయ్యకూడదు, అంతే. మీకు వేరే టాపిక్ ఇస్తాను. ఈ గది తాళం మాత్రం ఇచ్చెయ్యాలి.”

పైడితల్లి ఆలోచిస్తుంది. తెలుసంటే ఈ తలుపు ఇక తనకి తెరుచుకోదు. తెలియదంటే రేపు ఉదయం కూడా లోపలికెళ్లి ఆవిడ పక్కన కూర్చోవచ్చు. లెక్క చాలా తేలిగ్గా ఉంది. ఆ తేలికే ఆమెని భయపెడుతుంది.

“తెలియదు మేడం.”

ఈసారి దగ్గు రాదు. గొంతులో ఏదో అడ్డం తిరుగుతుంది, మెడ ఉబ్బుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆమె గోడ పట్టుకుని వంగుతుంది. ఉదయ్ చందర్ వీపు మీద చరుస్తూ, “రానీ చెల్లె, ఆపకు,” అంటాడు. చాలాసేపటికి అది బయటికి వస్తుంది. చేప కాదు. జానెడు పొడవు, మనిషి మొలతాడులా నల్లగా, ముడులు ముడులుగా, ఇంకా వెచ్చగా. ఉన్న సీసాల్లో ఏదీ సరిపోదు. అతను పెద్ద సీసా కోసం స్టోరుకి పరిగెడతాడు. అతను వచ్చేదాకా పైడితల్లి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడుతుంది.

మేడం ఆమె భుజం మీద చెయ్యి వేస్తుంది. “మొదటి సంవత్సరం అందరికీ కష్టమే. నాకూ కష్టమైంది. సర్దుకోవాలి.” చెయ్యి తీసి, “మైనస్ ఇరవైకి దించెయ్యండి. ఎలాగూ ముక్కలు కొయ్యాలి,” అంటుంది.

పైడితల్లి లోపలికి వెళ్లి నాబ్ తిప్పుతుంది. తిప్పినంత మేరా ఇనుము చేతికి అంటుకుంటుంది. కొంగలు ఒక్కొక్కటీ లేచిపోతాయి. నీళ్లు ఒడ్డు నుంచి మధ్యకి, మీగడ కట్టినట్టు తెల్లబడుతూ వెళ్తాయి.

దోనెలోని మనిషి హడావిడి పడదు. మంచు చేరేలోపు వల పైకి లాగి, దులిపి, మడత పెడుతుంది. పొయ్యిలో నిప్పు నీళ్లు చల్లి ఆర్పుతుంది. పైడితల్లి గట్టు చివరిదాకా వస్తుంది. ఆవిడని పిలవాలి. పిలవడానికి మాట లేదు, అది పెద్ద సీసాలో ఉంది. ఆవిడ పేరు తెలుసు గానీ, పెద్దవాళ్లని పేరు పెట్టి ఎలా పిలుస్తారు. నోరు తెరిచి, తెరిచినట్టే ఉంచుతుంది.

ఆవిడ తల తిప్పి చూస్తుంది. “నువ్వెవుల గుంటవే, పిల్లా?”

పైడితల్లి గట్టు చివర మోకాళ్ల మీద కూర్చుంటుంది.

“అచ్చం మా పైడిలాగున్నావు. అది సదువుకోడానికెల్లింది. ఈ పక్కలే ఎక్కడో ఉంటాది.” ఆవిడ మడత పెట్టిన వల ఒళ్లో పెట్టుకుని, దోనె అడుగున కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. “కనబడితే సెప్పమ్మా. సలి బాగా ఎక్కువైపోనాదని. అది సూసుకుంటాది.”

మంచు దోనెని చేరుతుంది.

తంపరని కొయ్యడానికి మిషన్లు వస్తాయి. పలకలు పలకలుగా, అరిటాకు కన్నా పలచగా కోసి, గాజు పలకల మధ్య పెడతారు. ఒక ముక్కలో మొగలి ముల్లు, ఒక ముక్కలో కొంగ నీడ, ఒక ముక్కలో పాటలో మధ్య చరణం. దోనెలోని మనిషి ఏ ముక్కల్లోకి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అంత పలచని ముక్కలో ఎవరైనా గీతలాగే ఉంటారు. ఉదయ్ చందర్ మాత్రం ఒక పలకని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి, పెట్టెలో వెనక వరసలో పెడతాడు.

ఆ సోమవారం పైడితల్లి మాట్లాడుతుంది. ఒక్క కుర్చీ తిరగదు. గడియారం నడుస్తుంది. ఆమె ఇంగ్లీషు మంచినీళ్లలా సాగుతుంది. మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి తెల్లటి చలిపొగ వచ్చి టేబులు మీద పరుచుకుంటుంది, ముందు వరసలో వాళ్లు శాలువాలు కప్పుకుంటారు. అయిపోయాక అందరూ చప్పట్లు కొడతారు. మేడం లేచి వచ్చి కరచాలనం చేస్తుంది. “ఇప్పుడు మీరు పూర్తిగా మా మనిషి,” అంటుంది. నిజంగానే సంతోషిస్తుంది ఆవిడ.

“సెట్టయిపోయినవ్ చెల్లె,” అంటాడు ఉదయ్ చందర్, కారిడారులో. అతను ఆమె కళ్లలోకి చూడడు. ఏదో అడగబోయి, ఆ అడగాల్సినదానికి కూడా తన దగ్గర మాట లేదని గుర్తొచ్చినట్టు, తన గదికి వెళ్లిపోతాడు.

కొత్త బ్యాచి చేరే రోజు ఉదయం, మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది. లిఫ్టులో పట్టలేదు కాబోలు. పైడితల్లి బయటికి వచ్చి చూస్తుంది. సన్నగా, పొట్టిగా ఉన్న ఒక అమ్మాయి రెండు చేతులతో ఒక కొండని పొట్టకి ఆనించి మోసుకుంటూ పైకి వస్తోంది. కొండ మీద సామ చేలు, పోడు కాల్చిన మసి, మలుపులో ఒక ఇంటి నుంచి పొగ. అమ్మాయి అడుగడుగుకీ ఆగి, కొండ ఒరగకుండా మోకాలితో సర్దుకుంటోంది. ముఖమంతా చెమట.

“అక్కా, దీన్ని ఎక్కడ పెట్టమంటారు?”

పైడితల్లి నోరు తెరుస్తుంది. చలిపొగ తప్ప ఏమీ రాదు. కోల్డ్ రూము వైపు వేలు చూపిస్తుంది.

కొండ మీది మేకల్లో ఒకటి ఆ వేలిని చూస్తుంది. రాళ్ల మీంచి గెంతుతూ దిగి, అంచున నిలబడి మెడ చాచి, ఆమె వేలి మీద పేరుకున్న మంచుని నాకుతుంది. వేలు కొస కూడా మంచే అయినట్టు కరిగిపోతుంది. మేకకి ఉప్పు రుచి తగిలినట్టుంది, మళ్లీ నాకుతుంది. కణుపు దాకా కరిగిపోతుంది. మిగతా మేకలు కూడా తలలెత్తుతాయి. ఒకదాని వెనక ఒకటి, మెడలో గంటలు మోగించుకుంటూ, వరసగా దిగి వస్తాయి.

పైడితల్లి ఆ చెయ్యి వాటికి అలాగే వదిలేసి, రెండో చేత్తో తలుపు తీసి పట్టుకుంటుంది.